బావగారి మొహం మీద మొటిమలు

మార్చి 6

కొండెక్కి కూర్చున్న మా బావమరిదికి,

ముందు ఎక్కడైనా కుదురుగా కూర్చో. ఇది నిలబడి చదివే ఉత్తరం కాదు. కూర్చున్నావా? సరే.

కడుపులో బాగుండటం లేదని, మీ అక్క పోరు పడలేక ఆసుపత్రికి వెళ్తున్నానని కిందటిసారి రాశాను కదా. గొట్టం వేసి చూశారు. పెద్దపేగులో ఎడమవైపు క్యాన్సరట. అక్కడితో ఆగకుండా కాలేయానికి కూడా పాకి, నాలుగైదు చోట్ల మచ్చలు పెట్టిందట.

చెప్పేశాను. ఇన్నేళ్ళుగా స్టేజీ మీద రాజు వేషాలే వేశాను గానీ, చెడ్డ కబురు మోసుకొచ్చే దూత వేషం ఒక్కసారీ వెయ్యలేదు. అందుకే సరిగ్గా చెప్పడం చేతకాలేదు. ఏమీ అనుకోకు.

డాక్టరమ్మ పొట్టి మనిషి. గొంతు మాత్రం హాల్లో ఆఖరి వరసదాకా వినిపించే రకం. మీ అక్క ఆవిణ్ణి ఒకటే ప్రశ్న అడిగింది.

"ఆపరేషన్ చేసి తీసేయొచ్చు కదండీ?"

"ఇప్పుడు కుదరదమ్మా. కాలేయానికి రెండు పక్కలా ఉన్నాయి. అన్నీ కోసేస్తే మిగిలిన ముక్కతో మనిషి బతకలేడు. ముందు మందులతో ప్రయత్నిద్దాం."

మీ అక్క లెక్కల టీచరు కదా, తీసివేత తెలుసు. ఇంటికొచ్చి, కడిగిన గిన్నెలన్నీ బయటికి లాగి మళ్ళీ కడిగింది.

వచ్చేవారం కీమో మొదలు. పేగులోంచి తీసిన ముక్కని ఇంకేదో పరీక్షకి పంపారు. అది అనుకూలంగా వస్తే కీమోకి తోడు ఇంకో మందు కూడా కలుపుతారట. అది ఊరికే అందరినీ బాదెయ్యకుండా గురి చూసి కొట్టే మందట. ఫలితం ఎలా వస్తే మంచిదో ఆవిడ చెప్పింది గానీ, అప్పటికి నా బుర్ర పనిచెయ్యడం మానేసింది.

నువ్వు మాత్రం సెలవు పెట్టి పరుగెత్తుకు రాకు. ఆ కొండ మీద వానలు కొలిచేది మీరిద్దరే. మీ వైర్‌లెస్సేమో గాలీవానా గురించి తప్ప మనుషుల గురించి మాట్లాడనివ్వదు. వారానికోసారి వచ్చే జీపే మనకి దిక్కు. రాస్తూ ఉంటాను, నువ్వూ రాస్తూ ఉండు.

కొత్త నాటకం రిహార్సల్స్ ఆపలేదు. ఇంకా కిరీటం దించని,
మీ బావ


మార్చి 14

బావగారికి,

కూర్చునే చదివాను. చదివాక లేవలేకపోయాను. పైగాలి లెక్క కోసం పొద్దున వదలాల్సిన బెలూన్ వదల్లేదు. మా పెద్దాయన, అదే నాతో పాటు ఇక్కడ ఉండే సీనియర్, వచ్చి నా మొహం చూసి తనే వెళ్ళి వదిలాడు.

మీకు ధైర్యం చెప్పాలని మూడు కాగితాలు చింపాను. నాకు రాదు బావగారూ. మేఘాల గురించి రాయమంటే రాస్తాను. అక్కకి పెళ్ళైన రోజు, చిన్నవాణ్ణని నన్ను ఎవరూ పట్టించుకోకపోతే మీరు మీ పక్కన కూర్చోబెట్టుకుని "ఇకనుంచి నువ్వు నా మంత్రివి" అన్నారు. మంత్రిని ఇక్కడ కూర్చోబెట్టి రాజుగారు యుద్ధానికి వెళ్ళడం ఏం న్యాయం?

ఒక్కటే కోరిక. నా దగ్గర ఏదీ దాచకండి. మీరు నటులు, నవ్వుతూ ఏదైనా దాచెయ్యగలరు. నాకు ఉన్నది ఉన్నట్టు రాయండి.

అక్క అన్నం తింటోందా?

మీ మంత్రి


మార్చి 29

బావమరిదీ,

జీపు డ్రైవర్ గుమ్మంలో హారన్ కొడుతున్నాడు, అందుకే నాలుగు ముక్కలే. డాక్టరమ్మ ఇప్పుడే ఫోన్ చేసింది. పరీక్షలో వైల్డ్ అని వచ్చిందట! మీ అక్క ఏడుస్తోంది. వచ్చేసారి నుంచే రెండో మందు కూడా పడుతుంది. వివరంగా తర్వాత.

బావ


ఏప్రిల్ 5

బావగారికి,

నేను పెద్దగా చదువుకోలేదని మీరనుకున్నా సరే, వైల్డ్ అంటే ఏమిటో నాకు తెలుసు. అడవిలో ఉండే క్రూరమృగాన్ని అలాగే అంటారు. రోగం అంత పెచ్చుమీరిపోయిందా? అక్క ఏడ్చిందంటే మాటలా? మా నాన్న పోయినప్పుడు కూడా అందరికీ కాఫీలు పెడుతూ తిరిగిన మనిషి అది!

ఆ డాక్టరమ్మని నమ్ముకుని కూర్చోకండి. ఇంకో పెద్ద ఆసుపత్రికి వెళ్ళండి. పెద్దాయన తమ్ముడికి ఎవరో తెలుసట, చిరునామా వెనకవైపు రాశాను. వెళ్తారు కదూ? వెళ్ళండి బావగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను.

మీ మంత్రి


ఏప్రిల్ 13

ఓరి నా అమాయకపు మంత్రీ!

నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ మళ్ళీ ఏడ్చింది. తప్పు నాదేలే. సంతోషంలో సగం మాట రాసి పంపించేశాను.

వైల్డ్ అంటే మంచిదిరా! పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, చెడిపోలేదు అని వాళ్ళ భాషలో అర్థం. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తాను, విను. క్యాన్సర్ కణం గుమ్మానికి ఒక కాలింగ్ బెల్ ఉంటుందట. బయటినుంచి ఎవరో దాన్ని నొక్కితే, లోపలికి తీగ గుండా "పెరుగు, పెరుగు" అని కబురు వెళ్తుంది. మన రెండో మందు వెళ్ళి ఆ బెల్లు స్విచ్చి మీద చెయ్యి అడ్డం పెట్టి కూర్చుంటుంది. ఇంకెవరూ నొక్కలేరు. కానీ కొంతమందికి లోపలి తీగే కాలిపోయి ఉంటుంది. ఎవరూ నొక్కకపోయినా బెల్లు తనంతట తానే మోగుతుంది. వాళ్ళకి స్విచ్చి మూసి లాభం లేదు, ఈ మందు ఇవ్వరు. నా తీగ బాగుంది! అదీ వైల్డ్ అంటే. పైగా నాది ఎడమవైపు పేగు. ఈ మందు ఆ వైపు వాళ్ళకే బాగా పట్టుకుంటుందట. జీవితంలో మొదటిసారి సరైన వైపు నిలబడ్డాను.

కీమో అంటావా, అది గబగబా పెరిగే ప్రతిదాన్నీ బాదుతుంది. రెండోది స్విచ్చి మూస్తుంది. ఒకటి బాదుతుంటే ఇంకోటి ఊపిరాడనివ్వదు. రెండూ కలిస్తేనే మజా.

ఆసుపత్రిలో ఒక పూటంతా సెలైన్ ఎక్కించి, ఆఖరి మందుని పాలసీసా అంత సీసాలో పోసి, నడుముకి కట్టి ఇంటికి పంపిస్తారు. రెండు రోజులు అది నెమ్మదిగా ఒంట్లోకి దిగుతూ ఉంటుంది. అలాగే రిహార్సల్‌కి వెళ్ళాను. ఒక పక్క కత్తి, ఇంకో పక్క కీమో సీసా! సేనాపతి వేషం వేసే కుర్రాడు దాన్ని చూసి డైలాగు మర్చిపోయాడు.

కష్టాలు లేవని కాదు. చల్లటిది తాకితే వేళ్ళలో సూదులు గుచ్చినట్టుంటుంది. ఫ్రిజ్ తలుపు తియ్యాలంటే మీ అక్కే రావాలి. మూడో రోజు నీరసం వచ్చి పడుకుంటే, గోడ మీద బల్లిని చూస్తూ పూట గడిపాను. ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు కదా.

అన్నట్టు నిన్నటి నుంచి ముక్కు పక్కన ఏవో చిన్న చిన్న మొటిమలు లేస్తున్నాయి. ఈ వయసులో!

కుర్రవాడైపోతున్న,
మీ బావ


మే 4

ఏమోయ్,

ఈసారి ముద్దుపేర్లు లేవు. నీ మీద కోపంగా ఉన్నాను.

నాకు తెలియకుండా మీ అక్కకి విడిగా ఉత్తరం రాస్తావా? "ఆ మొటిమలు మందు పడక వచ్చినవి, వెంటనే ఆపించు, పెద్దాయన పిన్నికి ఇలాగే ఒళ్ళంతా పొంగి ప్రాణం మీదకి వచ్చింది" అనా? అప్పటికి నా మొహం చూడాల్సిందే. నుదురు, బుగ్గలు, మెడ, ఛాతీ, ఎక్కడా ఖాళీ లేదు. అసలే భయపడి ఉన్న మనిషి, నీ ఉత్తరంతో బిగుసుకుపోయింది.

ఆ రోజు మందు ఎక్కించడానికి నర్సు వస్తే, మీ అక్క నా మంచానికి అడ్డంగా నిలబడింది.

"ఇది మాత్రం వద్దు. కీమో ఒక్కటే పెట్టండి. ఈయన మొహం ఏమైందో చూశారా?"

"అమ్మా, డాక్టరుగారు రాశారు..."

"డాక్టరుగారినే రమ్మనండి."

వార్డులో వాళ్ళంతా లేచి కూర్చున్నారు. నేను అంత పెద్ద సీను ఏ నాటకంలోనూ చూడలేదు. డాక్టరమ్మ వచ్చింది. కోప్పడలేదు. మీ అక్క పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"అడిగి మంచి పని చేశారమ్మా. అప్పుడు మీకు చెప్పిన ఆ బెల్లు చర్మంలో కూడా ఉంటుంది. దాన్ని మూశాం కాబట్టి చర్మం గోల పెడుతోంది. ఇలా మొటిమలు బాగా వచ్చినవాళ్ళలో చాలామందికి మందు బాగా పనిచెయ్యడం చూశాం. ఇది ఆనవాలు మాత్రమే. రుజువు కావాలంటే స్కానింగే చెప్పాలి."

"మరి ఈ మంట?"

"దానికి మాత్ర ఇస్తాను, పూత ఇస్తాను. ఎండలో తిరగనివ్వకండి. మరీ ఎక్కువైతే మోతాదు నేనే తగ్గిస్తాను. మీ అంతట మీరు ఆపకండి."

మీ అక్క చాలాసేపు నా మొహంకేసి చూసి, "అయితే ఇంకా రానివ్వండి" అని పక్కకి జరిగింది.

ఇకనుంచి ఆవిడకి ఏం రాయాలన్నా నాకు చూపించి రాయి. నీ భయం నీ దగ్గర ఉంచుకో. ఇక్కడ మా భయమే మాకు చాలినంత ఉంది.

బావ

ఒరే తమ్ముడూ, మీ బావ కోపం పూటకంటే నిలవదు, పట్టించుకోకు. నువ్వు రాయకపోయినా నేను అడిగేదాన్నే. అద్దం ముందు గంటలు గంటలు నిలబడే మనిషి ఇప్పుడు పొద్దున్నే వెళ్ళి "కొత్తవి వచ్చాయి చూడు!" అని సంబరపడిపోతున్నాడు. స్వెట్టర్ వేసుకుంటున్నావా? – అక్క


మే 12

బావగారికి,

బుద్ధి వచ్చింది. పెద్దాయన పిన్నికి వచ్చింది చేపలు పడకపోవడం వల్లనట, ఇప్పుడు చెబుతున్నాడు.

ఇకమీదట మీరు ఏం రాసినా కంగారు పడను. ఒట్టు. కొండ విరిగి మీద పడ్డా "అలాగా" అంటాను. స్కానింగ్ ఎప్పుడో రాయండి. ఇక్కడ వాన ముందుగానే మొదలైంది, జీపు ఆలస్యం కావచ్చు.

నోటికి తాళం వేసుకున్న,
మీ మంత్రి


జూన్ 2

మంత్రివర్యా!

రెండు శుభవార్తలు. చిన్నది ముందు చెబుతాను, ఆగు.

నాటకం మొదటి ప్రదర్శన అయింది. మేకప్ ఆయన నా మొహం చూసి చేతులెత్తేశాడు. "డాక్టరు రంగు పుయ్యొద్దన్నారట, నేను ముట్టుకోను" అన్నాడు. దర్శకుడు కాసేపు అటూ ఇటూ తిరిగి, "రాజు రాజ్యం పోగొట్టుకుని అడవుల్లో తిరిగి వచ్చాడు కదా, మొహం ఇలాగే ఉంటుంది, పదండి" అన్నాడు. మొటిమల మొహంతోనే దీపాల ముందుకి వెళ్ళాను. జనం ఊపిరి బిగబట్టారు. మర్నాడు పేపర్లో నా నటన గురించి ఒక వాక్యం, "అద్భుతమైన మేకప్" గురించి మూడు వాక్యాలు! మేకప్ ఆయన ఆ ముక్క కత్తిరించి అద్దానికి అంటించుకున్నాడు. సిగ్గు లేదు.

ఇక పెద్దది. స్కానింగ్ చేశారు. డాక్టరమ్మ రెండు ఫిల్ములు పక్కపక్కన లైటుకి పెట్టి, పెన్నుతో చూపించింది. ఇక్కడ ఇంత ఉన్నది ఇప్పుడు ఇంతే. ఇది సగానికి సగం. ఇదిగో ఇక్కడ ఒకటి ఉండేది, ఇప్పుడు వెతికితే గానీ కనపడదు. "బాగా కుంచించుకుపోతున్నాయి" అని ఆవిడ అంటుంటే ఆ గొంతు ఆఖరి వరసదాకా కాదు, వీధిదాకా వినిపించింది. మీ అక్క పెన్ను లాక్కుని శాతాలు కట్టడం మొదలుపెట్టింది.

కుంచించుకుపోతున్నాయిరా! నా కడుపులో నాకు కనపడని చోట ఎవరో నా తరఫున కొట్లాడుతున్నారు. రోడ్డు మీద పోయేవాళ్ళని ఆపి చెప్పాలనిపించింది. ఆటో అతనికి చెప్పేశాను కూడా. అతను బండి ఆపి చెయ్యి కలిపాడు.

వేళ్ళు మొద్దుబారుతున్నాయి, చొక్కా గుండీలు మీ అక్కే పెడుతోంది. పెట్టనీ.

మీ బావ


ఆగస్టు 3

బావమరిదీ,

డాక్టర్లంతా ఒక గదిలో కూర్చుని నా ఫిల్ములు చూశారట. కాలేయం కోసే సర్జన్ కూడా వచ్చాడట. ఆపరేషన్ చేస్తామంటున్నారు! ఈ నెల ఇరవై రెండున. పేగులోదీ కాలేయంలోవీ ఒకేసారి తీసేస్తారట. నేను గాల్లో తేలుతున్నాను. వార్డులో అందరికీ నా పాత దర్బారు సీను ఆడి చూపించాను. మీ అక్క పాటలు పాడుతోంది. ఎంత ఘోరంగా పాడుతుందో నీకు తెలుసు కదా!

మీ బావ


ఆగస్టు 12

బావగారికి,

ఉత్తరం అందింది. అలాగా. మంచిది. డాక్టర్లు చెప్పినట్టు చెయ్యండి. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి.

మీ మంత్రి


ఆగస్టు 22
ఆసుపత్రి వరండా

బావగారికి,

మీరు లోపల ఉన్నారు. తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. మెలకువ వచ్చాక చదువుకుందురుగాని అని ఇక్కడ బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. చేతికి ఏదో పని లేకపోతే నేను ఈ తలుపు బద్దలుకొట్టేలా ఉన్నాను.

నిన్న నన్ను చూడగానే మీరు, "నాలుగు ముక్కల ఉత్తరం రాసే మొహం చూపించడానికి వచ్చావా?" అని కేకలేశారు. దానికి సమాధానం ఇప్పుడు చెబుతాను.

మీ ఉత్తరం చదివి నేను అనుకున్నది వేరు. మొదట్లో ఆపరేషన్ కుదరదన్నారు. కోస్తే బతకరన్నారు. ఇప్పుడు కోస్తామంటున్నారంటే, మందులు ఇంక పనిచెయ్యక, దేవుడి మీద భారం వేసి కోస్తున్నారనుకున్నాను. మరి గాల్లో తేలుతున్నానని రాశారంటే, మీరు నటులు కదా, నేను కంగారు పడతానని నటిస్తున్నారనుకున్నాను. దర్బారు సీను ఆడారంటే గుండె ఇంకా చెరువైంది. కంగారు పడనని ఒట్టు పెట్టుకున్నాను. అందుకే "అలాగా" అని రాసి, కాగితం తడవకుండా మడిచాను.

ఆ వారమే కొండచరియ పడి రోడ్డు మూసుకుపోయింది. జీపు రాదని వైర్‌లెస్‌లో చెప్పారు. పెద్దాయనతో, "నేను నడిచి దిగుతాను" అన్నాను. "పిచ్చా? మట్టి ఇంకా జారుతోంది" అన్నాడు. కాసేపటికి తనే తన బూట్లు తెచ్చి నా ముందు పెట్టి, "నీవి జారతాయి, ఇవి వేసుకో. నీ రీడింగులు కూడా నేనే తీస్తాను" అన్నాడు. రాళ్ళు పట్టుకుని, చెట్ల వేళ్ళు పట్టుకుని, కొన్నిచోట్ల కూర్చుని జారుతూ దిగాను. దారి పొడుగునా మీతో ఆఖరి మాట ఏం మాట్లాడాలా అనే ఆలోచన.

వార్డులోకి వచ్చేసరికి మీరు దుప్పటి భుజాన వేసుకుని, మంచం మీద నిలబడి శత్రురాజుని తిడుతున్నారు. నర్సులు నవ్వలేక చస్తున్నారు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. అక్క నన్ను పక్కకి లాక్కెళ్ళి, బురద తుడుస్తూ చెప్పింది. "వెర్రివాడా, మచ్చలు చిన్నవయ్యాయి కాబట్టే ఇప్పుడు కొయ్యగలుగుతున్నారు. మిగిలే కాలేయం ఇప్పుడు సరిపోతుంది. మొదట కుదరనిది మందుల వల్లే కుదిరింది. దీని కోసమే కదరా ఇన్నాళ్ళూ చేసింది!"

బావగారూ, నేను అంత గట్టిగా ఎప్పుడూ ఏడవలేదు. మీరేమో మంచం మీదనుంచి, "ఏడుపు బాగుంది గానీ గొంతు ఇంకాస్త పెంచు, వెనకవాళ్ళకి వినపడటం లేదు" అన్నారు.

మధ్యాహ్నం దాటింది. అక్క తలుపుకేసే చూస్తోంది. టీ తెస్తే చల్లారబెట్టేసింది.

దీపం ఆరింది. సర్జన్ టోపీ తీస్తూ వస్తున్నాడు. ఉండండి.

వచ్చాడు, చెప్పాడు, వెళ్ళిపోయాడు. అనుకున్నవన్నీ తీసేశారట! రక్తం ఎక్కువ పోలేదట. ఆయన చేతులు పట్టుకుని ఏమన్నానో నాకే తెలియదు, అక్క నన్ను విడదీసింది. బావగారూ, తీసేశారు! అన్నీ తీసేశారు!

మీ మంత్రి


సెప్టెంబర్ 14

నా ప్రాణమా,

ఇలా ఎప్పుడూ పిలవలేదు, సిగ్గుపడకు. నువ్వు క్షేమంగా కొండెక్కావని పెద్దాయన జీపు డ్రైవర్‌తో కబురు పంపాడు. ఆయన బూట్లు ఆయనకి ఇచ్చేశావా? ఆయనకి నా నమస్కారం చెప్పు. వానలు తగ్గాక నాటకానికి తీసుకురా.

తీసిన ముక్కల రిపోర్టు ఈ రోజు వచ్చింది. మొదట్లో కూర్చున్న గదే, అవే కుర్చీలు. డాక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి చెప్పింది. కాలేయం మచ్చల్లో రెండింటిలో బతికున్న కణం ఒక్కటీ లేదట, ఒట్టి మచ్చేనట. మిగతావాటిలో ఉన్నవీ కొన ఊపిరితో ఉన్నవేనట. కోసిన అంచులు శుభ్రంగా ఉన్నాయట.

"కీమో ఇంకొంత మిగిలి ఉంది. ఆ తర్వాత కూడా మూడు నెలలకోసారి చూస్తూనే ఉంటాం. మళ్ళీ రాదని నేను మాట ఇవ్వలేను, అది అబద్ధమవుతుంది" అంది. ఆగి, కళ్ళజోడు తీసి, "కానీ ఈ రోజు ఆయన ఒంట్లో మాకు కనిపించే క్యాన్సర్ లేదు" అంది.

మీ అక్క, "మళ్ళీ చెప్పండి" అంది.

"ఈ రోజు ఆయన ఒంట్లో మాకు కనిపించే క్యాన్సర్ లేదమ్మా."

"ఇంకొక్కసారి."

ఆవిడ విసుక్కోకుండా మూడోసారి కూడా చెప్పింది. నేను పెద్ద డైలాగు ఒకటి సిద్ధం చేసుకుని వెళ్ళాను. తీరా అది మర్చిపోయి ఆవిడకి వంగి దండం పెట్టేశాను. నవ్వకు.

ఇంటికొచ్చాం. నేను కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి మీ అక్క మంచం అంచున కూర్చుని ఒక చెప్పు విప్పింది. రెండోది విప్పేలోపే పక్కకి ఒరిగి నిద్రపోయింది. పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొట్టారు, లేవలేదు. ఫోన్ మోగింది, లేవలేదు. స్కూల్ వదిలిన పిల్లలు వీధిలో గోల చేసుకుంటూ వెళ్ళారు, కదల్లేదు. ఆ రెండో చెప్పు నేనే మెల్లగా తీసి, మొద్దుబారిన ఈ వేళ్ళతోనే దుప్పటి కప్పి, కాళ్ళ దగ్గర కూర్చుని నీకు రాస్తున్నాను.

మీ అక్క గురక పెడుతోందిరా! గది అదిరిపోతోంది. ఇన్నేళ్ళ కాపురంలో నాకు ఈ సంగతే తెలియదు. ఎప్పుడూ నేనే ముందు నిద్రపోయేవాణ్ణి.

మీ బావ